బంగారు మందు వెనుక మనిషి
యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం, ఒక పశువైద్యుడి కళ్లతో

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు మొదట బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. చింతచెట్టు, చేతిపంపు, డ్రిల్లు మాస్టారి ఈల, ఇవన్నీ ఈ సంచికలో నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మన సైన్సు మాస్టారు తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం పాఠం పక్కన పెట్టి చెప్పిన ఒక మనిషి కథ రాస్తున్నాను. మన జిల్లావాడే అని చెప్పి, నల్లబల్ల మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాశారు. యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరు నేను మళ్లీ పశువైద్య కళాశాలలో ఫార్మకాలజీ చదువుతున్నప్పుడు గుర్తుచేసుకున్నాను. ఆ తరవాత ఉద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా, మందుల పెట్టె తెరిచిన ప్రతిసారీ ఆయన చెయ్యి పడిన మందు ఏదో ఒకటి అందులో ఉండేది.

సుబ్బారావుగారి గురించి రాసేవాళ్లు సాధారణంగా మనుషుల జబ్బుల గురించే రాస్తారు. నేను పశువుల డాక్టర్ని కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. ఆయన కాలం తరవాత ఆ మందుకు కోళ్ల షెడ్లలో, పందుల దొడ్లలో ఏం జరిగిందో, దానివల్ల ఇవాళ మనకు ఏం ముప్పు వచ్చిందో కూడా ఆ కథలో భాగమే.

తప్పిన మెట్రిక్

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల పెందలాడే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే.

పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయారు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. అమ్మ ఊరుకోలేదు. చదువుకుని తీరాలని పట్టుబట్టి రాజమండ్రిలో బడికి పంపింది. అక్కడ మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు. చివరికి మద్రాసులో హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కారు.

ఈ సంచిక చదివేవాళ్లలో ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టి ఈ విషయం దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆనాటి మార్కుల జాబితా చూసి ఎవరైనా ఈ పిల్లవాడి మీద తీర్పు చెప్పి ఉంటే, తరవాత జరిగినదేదీ జరిగేది కాదు. మన బడిలోనూ వెనక బెంచీలో కూర్చున్న వాళ్లు ఎంతమంది తరవాత ఎంత దూరం వెళ్లారో మనకు తెలుసు.

చావులు నేర్పిన చదువు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి అనుమతి కావాలన్నారు మఠంవాళ్లు, తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే మఠం ఆస్పత్రుల్లో సేవ చేయవచ్చన్న సలహాతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి శల్యమైపోయే జబ్బు అది. అప్పటికి దానికి మందు లేదు. వైద్య విద్యార్థిగా ఉండి, సొంత అన్నదమ్ములు పోతుంటే చూస్తూ ఉండటం తప్ప ఆయన చేయగలిగింది లేకపోయింది. మందు లేని జబ్బుకు మందు వెతకాలన్న పట్టుదల ఆ ఇంట్లోనే పుట్టింది.

1919లో శేషగిరిగారితో ఆయన పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు అండగా నిలిచారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు విదేశీ బట్ట వదిలి ఖద్దరు తొడుక్కుని కాలేజీకి వెళ్లేవారు. శస్త్రచికిత్స పాఠం చెప్పే ఆంగ్ల ప్రొఫెసరుకు అది నచ్చలేదు. ఆ కారణంగా ఎం.బి.బి.ఎస్. రావాల్సిన చోట ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ డిగ్రీ చేతిలో పెట్టారు. దానితో ప్రభుత్వ వైద్య సర్వీసులో దారి మూసుకుపోయింది. ఆచంట లక్ష్మీపతిగారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగం చేశారు. మన వైద్యంలో ఉన్న మంచిని ఆధునిక శాస్త్రంతో పరీక్షించాలన్న కోరిక ఆయనకు అక్కడ కలిగింది.

అమెరికా వెళ్లాలంటే డబ్బు కావాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు సర్దిన సొమ్ము కలిపి, 1920ల మొదట్లో ఓడ ఎక్కారు. నాలుగేళ్లలో తిరిగొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరిన మనిషి మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు. శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటి మాటలు దాటవేస్తుంటాం. కానీ ఆ విజయాలకు మూల్యం చెల్లించినవాళ్లలో ఆమె కూడా ఉన్నారు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగంలో చేరారు. ఇక్కడి డిగ్రీకి అక్కడ వైద్యం చేసే అర్హత లేదు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు చదువు. డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్కే దగ్గర జీవరసాయన శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టారు.

1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ఈనాటికీ జీవరసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తగులుతుంది. ఆవులకు, గేదెలకు ఈనిన తరవాత భాస్వరం తగ్గి మూత్రం ఎర్రగా వచ్చే జబ్బు ఉంది. పశువుల రక్తంలో భాస్వరం కొలత మేం నేర్చుకున్నది ఆ పద్ధతితోనే. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే శక్తి పదార్థాన్ని వెలికి తీశారు. ఏ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. కండరం ఎలా పనిచేస్తుందన్న విషయంలో అప్పటిదాకా నోబెల్ బహుమతి పొందినవాళ్లు చెప్పిన సిద్ధాంతాన్నే ఈ పరిశోధన మార్చేసింది.

1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్లు చూసి, 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ ఆయనే డైరెక్టరయ్యారు.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్లు

లెడర్లీ మొదట్లో గుర్రాల రక్తం నుంచి డిఫ్తీరియా వంటి జబ్బులకు విరుగుడు సీరం తయారు చేసిన సంస్థ. గుర్రాల పాకల పక్కన పెరిగిన ఆ ప్రయోగశాలను కొత్త మందులు కనిపెట్టే చోటుగా మార్చినవారిలో సుబ్బారావుగారు ముఖ్యులు. ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలో వచ్చినవి ఒకసారి చూడండి.

మొదటిది ఫోలిక్ యాసిడ్. 1945లో ఆయన బృందం దీన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు, కొన్ని రకాల రక్తహీనతలకు అది మందుగా నిలబడింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు వాళ్ల జబ్బుకు మందు దొరికింది. రెండోది, ఆ ఫోలిక్ యాసిడ్‌కే అడ్డుపడే అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. క్యాన్సరుకు మందులతో వైద్యం చేయవచ్చన్న ఆశ అక్కణ్నుంచే మొదలైంది. మూడోది హెట్రజాన్. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఆరోగ్య శాఖవాళ్లు ఇంటింటికీ తెచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. పెర్ల్ రివర్‌లో పుట్టిన మందు మన గడప దాకా వచ్చింది. దాని వెనుక మన ఊరివాడు ఉన్నాడని మాత్రం ఆ మాత్ర మింగినవాళ్లలో చాలామందికి తెలియదు.

నాలుగోది ఆరియోమైసిన్. ఈ వ్యాసం అసలు విషయం అదే.

మట్టిలో దొరికిన బంగారం

రెండో ప్రపంచ యుద్ధం నాటికి పెన్సిలిన్ వచ్చింది. కానీ అది అన్ని సూక్ష్మజీవుల మీదా పనిచేయదు. స్ట్రెప్టోమైసిన్‌కూ దాని హద్దులు దానికున్నాయి. రెండు వర్గాల బ్యాక్టీరియానూ అణచగలిగిన మందు కావాలి. అలాంటివి మట్టిలో బతికే సూక్ష్మజీవుల దగ్గరే దొరుకుతాయని అప్పటికే తెలిసింది. మట్టిలో ఒక జీవి పక్క జీవిని తోసుకుని బతకడానికి విషం కక్కుతుంది. ఆ విషం మనకు మందు.

ఈ వెతుకులాటకు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లెడర్లీలో కుదిరారు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన మనిషి. ఆ వయసులో కొత్త పనిలో చేరారు. మనలో ఇప్పుడే రిటైరైనవాళ్లు గమనించాలి! దేశం నలుమూలల నుంచీ మట్టి తెప్పించి పరీక్షించారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి సాన్‌బోర్న్ పొలం నుంచి వచ్చిన మట్టిలో, పశువుల గడ్డి పెంచే మడి నుంచి తీసిన పిడికెడు మట్టిలో, బంగారు రంగు తేలే ఒక స్ట్రెప్టోమైసిస్ జీవి దొరికింది. దాని నుంచి వచ్చిన మందు కూడా పసుపుపచ్చగానే ఉంది. బంగారాన్ని సూచించే లాటిన్ మాట కలిపి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలో అదే పెద్ద బిడ్డ. రసాయన శాస్త్రంలో దాని పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్.

బ్యాక్టీరియా బతకాలంటే లోపల మాంసకృత్తులు తయారు చేసుకోవాలి. ఈ మందు ఆ తయారీ యంత్రానికి అడ్డుపుల్ల వేస్తుంది. బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతే మిగతా పని శరీరమే చూసుకుంటుంది. న్యుమోనియా నుంచి టైఫస్ దాకా రకరకాల జబ్బుల మీద పనిచేసింది. 1948 జులైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో దీన్ని ప్రకటించారు. పేటెంటు డగ్గర్ పేరు మీదే ఉంది. పరిశోధన మొత్తానికి పెద్ద తానే అయినా సుబ్బారావుగారు ముందుకు వచ్చి నిలబడలేదు. అది ఆయన స్వభావం.

ఆ తరవాత మూడు వారాలు గడవకముందే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లోని తన గదిలో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. తిరిగి రావాలన్న కోరిక ఆయనతోనే పోయింది.

కోడిపిల్లల తూకం

ఇక్కడితో ఆయన జీవితం ముగిసింది. మందు జీవితం మొదలైంది.

లెడర్లీలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉండేవారు. ఫోలిక్ యాసిడ్ పనిలో పాలుపంచుకున్నవాళ్లే. కోళ్ల దాణాకు చౌకగా బి12 విటమిన్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తయారు చేశాక మిగిలే పిప్పిలో ఆ విటమిన్ ఉంటుందని తెలిసి, దాన్ని కోడిపిల్లలకు పెట్టి చూశారు. 1948 చివర్లో పిల్లల్ని తూచితే, విటమిన్ వల్ల పెరగవలసిన దానికంటే ఎక్కువే పెరిగాయి. ఆ పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి ఆరియోమైసిన్ వల్ల ఆ పెరుగుదల వచ్చిందని తేలింది. పంది పిల్లల్లోనూ అంతే. 1950లో ఆ సంగతి లోకానికి తెలిసింది.

దాణా అమ్మేవాళ్లకు, కోళ్లు పెంచేవాళ్లకు ఇంతకంటే కావలసిందేముంది? టన్ను దాణాలో కొద్ది గ్రాములు కలిపితే చాలు, అదే మేతతో ఎక్కువ మాంసం. 1951 నాటికి అమెరికా ప్రభుత్వం పశువుల దాణాలో యాంటీబయాటిక్స్ కలపడానికి అనుమతి ఇచ్చింది. లెడర్లీవాళ్లు ఆరోఫాక్ పేరుతో ఆ దాణా మందు అమ్మారు. తరవాత అది ప్రపంచమంతా పాకింది. జబ్బు పడ్డవాడికి ఇవ్వాల్సిన మందు, జబ్బు లేని కోడికి రోజూ పెట్టే మేత అయింది.

దీన్ని సుబ్బారావుగారి తప్పుగా చెప్పడం న్యాయం కాదు. ఆయన పోయాక జరిగిన సంగతి ఇది. జూక్స్, స్టోక్‌స్టాడ్‌లు కూడా చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. యుద్ధం తరవాత మాంసం, గుడ్లు చౌకగా దొరకాలన్నది అప్పటి అవసరం. కానీ సూక్ష్మజీవులకు మన ఉద్దేశాలతో పని లేదు.

తిరగబడ్డ సూక్ష్మజీవి

మా పాఠాల్లో మొదటి సూత్రం ఒకటుంది. మందు ఇస్తే పూర్తి మోతాదులో, పూర్తి రోజులు ఇవ్వాలి. లేకపోతే సగం చచ్చిన పామును వదిలినట్టే. దాణాలో కలిపే మోతాదు బ్యాక్టీరియాను చంపదు, బలహీనమైనవాటిని ఏరివేసి తట్టుకోగలిగినవాటికి చోటు ఖాళీ చేస్తుంది. తట్టుకునే బ్యాక్టీరియా కొన్ని లోపలికి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను మోటారు పెట్టి నీళ్లు తోడినట్టు బయటికి తోడేస్తాయి. ఆ విద్య తమ సంతానానికే కాదు, పక్కన ఉన్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ప్లాస్మిడ్ అనే చిన్న జన్యువలయం ద్వారా అందిస్తాయి. అదే వలయంలో నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు ఉంటే, ఒక్క మందు వాడితే చాలు, అన్నిటికీ లొంగనిది తయారవుతుంది. ఈ బదిలీ సంగతి మొదట బయటపెట్టినవాళ్లు 1950ల చివర, 1960ల మొదట్లో జిగట విరేచనాల మీద పనిచేసిన జపాన్ శాస్త్రజ్ఞులు.

ఇంగ్లండులో 1960లలో దూడల్లో సాల్మొనెల్లా జబ్బు వ్యాపించింది. ఎఫ్రాయిమ్ ఆండర్సన్ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు దాని జాడ పట్టుకుని వెళ్తే, అనేక మందులకు లొంగని ఆ బ్యాక్టీరియా దూడల నుంచి మనుషులకు పాకినట్టు తేలింది. కొందరు చనిపోయారు. దాంతో ప్రభుత్వం స్వాన్ అనే ఆచార్యుడి అధ్యక్షతన కమిటీ వేసింది. మనుషుల వైద్యానికి వాడే పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ లాంటివి బరువు పెంచడం కోసం దాణాలో కలపకూడదని 1969లో ఆ కమిటీ చెప్పింది.

అమెరికాలో స్టువార్ట్ లెవీ అనే డాక్టరు బోస్టన్ దగ్గరి ఒక కుటుంబం పొలంలో కోళ్ల మీద పరీక్ష చేశారు. కొన్నిటికి టెట్రాసైక్లిన్ కలిపిన దాణా, కొన్నిటికి మామూలు దాణా. వారం తిరిగేసరికి మందు దాణా తిన్న కోళ్ల పేగుల్లో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా నిండిపోయింది. ఆరు నెలల్లోపే ఆ కుటుంబంలోని మనుషుల పేగుల్లోనూ కనిపించింది. వాళ్లు మందు మింగలేదు, దాణా తినలేదు. కోళ్లను సాకారు, అంతే. 1976లో ఈ ఫలితాలు వచ్చాయి. సుబ్బారావుగారు రాత్రిళ్లు పనిచేసి, పగళ్లు చదివిన ఆ బోస్టన్ దగ్గరే, ఆయన ప్రయోగశాలలో పుట్టిన మందుల కుటుంబం మీద ఈ హెచ్చరిక వెలువడటం నాకు ఎప్పుడూ మనసులో మెదిలే విషయం.

అయినా లోకం కదలడానికి చాలా కాలం పట్టింది. ఐరోపా సంఘం 2006 నుంచి బరువు పెంచడానికి యాంటీబయాటిక్స్ దాణాలో కలపడం పూర్తిగా ఆపింది. అమెరికా, మనుషులకు ముఖ్యమైన మందుల విషయంలో 2017లో ఆపింది. మన దేశం 2019లో, మనుషులకు చివరి ఆసరాగా వాడే కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించింది.

నా మందుల పెట్టె

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొలకరి వానలకు గేదెలకు గొంతువాపు వచ్చేది. పొద్దున మేత మేసిన గేదె సాయంత్రానికి గురక పెడుతూ కూలబడేది. తొందరగా కబురు అందితే టెట్రాసైక్లిన్ జాతి ఇంజెక్షనో, సల్ఫా మందో నరంలోకి ఎక్కించేవాణ్ణి. తెల్లారేసరికి లేచి నిలబడిన గేదెను చూసి ఆ ఇంటి ముసలమ్మ నా చేతులు పట్టుకున్న రోజులున్నాయి. ఆ రోజు ఆ ఇంటికి దక్కింది ఒక గేదె ప్రాణమే కాదు, ఏడాది తిండి.

ఉద్యోగం చివరికి వచ్చేసరికి వేరే దృశ్యాలు చూశాను. పొదుగువాపు వచ్చిన ఆవుకు నేను వెళ్లేలోపే మూడు రకాల ఇంజెక్షన్లు పడి ఉండేవి. ఒక్కోటీ ఒక్కో రోజు, అదీ సగం మోతాదు. పాలు ప్రయోగశాలకు పంపి, ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయిస్తే, చిట్టా నిండా లొంగదు, లొంగదు అని వచ్చేది. ఆవు బతికేది కానీ ఆ పొదుగు భాగం ఎండిపోయేది.

తప్పంతా రైతుది, మందుల కొట్టువాడిది అని తప్పించుకోలేను. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుందని, దానికి యాంటీబయాటిక్ పనిచేయదని నాకు తెలుసు. అయినా షెడ్డులో కోళ్లు రాలిపోతుంటే, అప్పు తెచ్చి షెడ్డు వేసిన మనిషి ఏదో ఒకటి రాయమని నా ముందు నిలబడితే, రాసిచ్చాను. ఒకసారి కాదు. వట్టి చేతులతో పంపడానికి మనసొప్పక చేసిన పని అది. ముందే టీకా వేయించమని గట్టిగా చెప్పి ఉంటే ఆ చీటీ అవసరం వచ్చేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే అది జాలి కాదు, బద్ధకం అనిపిస్తుంది.

ఇవాళ భీమవరం చుట్టూ చూస్తే చేపల, రొయ్యల చెరువులే. అనపర్తి వైపు వెళ్తే కోళ్ల ఫారాలు. ఎగుమతి చేసిన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని విదేశాలు సరుకు తిప్పి పంపిన వార్తలు మనందరం పేపర్లలో చదివాం. ఆ చెరువు గట్ల మీద నడుస్తుంటే సుబ్బారావుగారే గుర్తొస్తారు. ఆయన పుట్టిన నేల మీదే ఆయన మందుల జాతి ఇంత చులకనైపోయింది.

మనం చేయగలిగింది

నివారణ పెద్ద బ్రహ్మవిద్య కాదు. గొంతువాపుకు, జబ్బవాపుకు వానలకు ముందే టీకా. పాలు పితికే ముందూ తరవాతా పొదుగు, చేతులు శుభ్రం. షెడ్డులో గాలి, పొడి నేల, కిక్కిరియని కోళ్లు. జబ్బు పడితే డాక్టరు చెప్పిన మందు, చెప్పినన్ని రోజులు. మందు వాడిన పశువు పాలు, మాంసం, గుడ్లు గడువు దాటేదాకా అమ్మకపోవడం. ఇది పాటించిన రైతులకు మందుల ఖర్చు తగ్గడం నేను కళ్లారా చూశాను.

మన బడిలో ఇప్పుడు చదువుతున్న పిల్లల్లో చాలామంది ఇళ్లలో గేదెలో, కోళ్లో, చెరువో ఉంటాయి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. సైన్సు పాఠంలో బ్యాక్టీరియా వచ్చినప్పుడు, ఆ గంటలో పది నిమిషాలు సుబ్బారావుగారి కథ చెప్పండి. రెండుసార్లు మెట్రిక్ తప్పిన సంగతి నుంచి మొదలుపెట్టండి. వెనక బెంచీవాళ్లు కూడా వింటారు. ఆయన మందు ఎలా పనిచేస్తుందో, ఎలా వాడితే పనిచేయడం మానేస్తుందో కూడా చెప్పండి. ఆ సాయంత్రం పిల్లలు ఇంటికి వెళ్లి నాన్నకు చెబుతారు. నా చీటీ కంటే ఆ మాటకు బలం ఎక్కువ.

సుబ్బారావుగారి శతజయంతి ఏడు, 1995లో, భారత ప్రభుత్వం ఆయన పేరున తపాలా బిళ్ల విడుదల చేసింది. అంతకుముందే, 1953లో, ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. ఇవన్నీ మంచివే. కానీ ఆయన పడ్డ కష్టానికి, శేషగిరిగారి ఎదురుచూపుకు మనం ఇవ్వగలిగిన అసలైన గౌరవం వేరే ఉంది. ఆయన ఇచ్చిపోయిన మందు మన మనవల కాలానికి కూడా పనిచేసేలా చూడటం.

సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ సందర్భంలో, నల్లబల్ల మీద ఆ పేరు రాసిన మా సైన్సు మాస్టారికి ఈ నాలుగు మాటలు సమర్పిస్తున్నాను.

(రచయిత మన పాఠశాల పూర్వ విద్యార్థి, విశ్రాంత పశువైద్యాధికారి)